ఓడ విహారములో భోజన నియమము



షోలాపురము తూర్పు భాగమున నేత పేటలున్నవి. తెలంగాణ జిల్లాలనుండి తరతరములుగా వచ్చి స్థిరపడిన పద్మశాలి సోదరుల మగ్గముల చప్పుడు నడుమ నూలు కొట్లు, దుప్పట్ల కొట్లు పెట్టుకొని జీవించు జైన కుటుంబములు కొన్ని గలవు. మేమును అందులోనివారమే. పడుగు సరిగా సిద్ధపరచనిదే పేక ఎంత మంచిదైనను గుడ్డ కుదురదని ఈ పేటలో చిన్నపిల్లవానికైనను చెప్పనక్కరలేదు. ప్రయాణములో భోజనము సంగతియు అటువంటిదే. ముందుగా ఏర్పరచుకొన్న నియమము పడుగు, అక్కడ దొరకు ఆహారము పేక. ఈ చిన్న వ్యాసములో నేను చెప్పదలచినది ఇంతియే.

మా చిన్నతనమున సెలవులనగా కుంథలగిరి, లేక శ్రవణబెళగొళ. 1955లో ఆచార్య శాంతిసాగర మహారాజుగారు సల్లేఖన వహించిన ఆ కుంథలగిరికి పోయి రెండు దినములుండి వచ్చెడివారము. యాత్రాస్థలములలో భోజనశాల ఒక్కటే యుండును. సూర్యాస్తమయమునకు ముందే దాని తలుపు మూయుదురు. ఏమి తినవలెను, ఎక్కడ తినవలెను, ఎప్పుడు ముగింపవలెను అను ఆలోచన యాత్రికునకు అక్కరలేదు.

ఇప్పుడు పిల్లల కోరికలు వేరు. 2021 సెప్టెంబరులో కార్డీలియా అను సంస్థవారి విహార నౌక ముంబయి నుండి గోవా మొదలగు చోట్లకు నడచుట ప్రారంభమైనది. 2022లో చెన్నై, విశాఖపట్టణము, పుదుచ్చేరి రేవులను కలుపు ప్రయాణములును జరిగినవి. రెండు రాత్రులు, మూడు రాత్రులు గల ఈ చిన్న విహారములకు మన వ్యాపార కుటుంబములవారు పెండ్లి వార్షికములకు, పిల్లల సెలవులకు పోవుచున్నారు. విహార నౌకలో భోజనశాల ఒక్కటి కాదు, నాలుగైదుండును. ఒకటి మూసిన మరియొకటి తెరచియుండును. అస్తమయమును చూచి తలుపు మూయువాడు అక్కడ లేడు. యాత్రాస్థలమున వంటశాల మన వ్రతమును కాపాడును. ఓడలో మన వ్రతమును మనమే కాపాడుకొనవలెను.

1. ఓడ యెక్కుట దోషమా?

ఈ ప్రశ్న పాతది. 1893లో చికాగో సర్వమత సభలో జైన ధర్మమును గురించి ఉపన్యసించిన వీర్‌చంద్ రాఘవజీ గాంధీగారి సముద్రయానమును ఆ కాలమున మనవారిలోనే కొందరు ఆక్షేపించిరి. తరువాతి తరమునకు ఆ అభ్యంతరము నిలువలేదు. మన షోలాపురమునందే 1882లో జైన కుటుంబమున జన్మించిన వాల్‌చంద్ హీరాచంద్‌గారు సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్థాపకులలో ముఖ్యులు. ఆ కంపెనీ ఓడ 'లాయల్టీ' 1919 ఏప్రిల్ 5వ తేదీన బొంబాయి నుండి లండనుకు బయలుదేరినది. ఆ తేదీనే నేడు జాతీయ నౌకాయాన దినముగా జరుపుచున్నారు. విశాఖపట్టణమున ఓడల కార్ఖానాకు 1941లో పునాది వేయించినవారును ఆయనయే. అక్కడ కట్టిన 'జల ఉష' అను ఓడను 1948లో నెహ్రూగారు సముద్రములోనికి దింపిరి. మన యూరివాడు ఓడలే కట్టించియుండగా మనము ఓడ యెక్కుటకు జంకవలసిన పనిలేదు.

అయితే శ్రావకునకు దిగ్వ్రతము కలదు. ఏ దిక్కునకు ఎంత దూరము పోవుదునో ముందుగా హద్దు పెట్టుకొనుటయే అది. తత్త్వార్థసూత్రమున ఏడవ అధ్యాయము ఈ వ్రతమునకు ఐదు అతిచారములను చెప్పుచు, చివరిదానిని స్మృత్యంతరాధానము అనినది. అనగా పెట్టుకొన్న హద్దును మరచిపోవుట. హద్దును కావలెనని దాటుట వేరు, మరచి దాటుట వేరు. ఓడలో మనకు జరుగునది ఎక్కువగా ఈ రెండవదియే.

2. అడుగుటకు సిగ్గుపడిన యువకుడు

ఓడలో ఎక్కడ తినవలెనను చిక్కు మహాత్మా గాంధీగారికిని కలిగినది. ఇంగ్లండుకు పోవుటకు ముందు ఆయన తల్లి సంశయించగా, బేచర్జీ స్వామి అను జైన సాధువు ఆయనచేత మద్యము, మాంసము, పరస్త్రీ ముట్టనని ప్రతిజ్ఞ చేయించెను. 1888 సెప్టెంబరు 4వ తేదీన ఆయన బొంబాయిలో ఓడ యెక్కెను. భోజనపు బల్లపైనున్న పదార్థములలో దేనిలో మాంసము లేదో అడుగుటకు ఆయనకు ధైర్యము చాలలేదు. ఇంగ్లీషులో మాటలాడు అలవాటు లేదు. కావున అందరితో కూర్చొనక, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలు, పండ్లు తన గదిలోనే తినుచు కాలము గడపెను. ఈ సంగతి ఆయనయే ఆత్మకథలో వ్రాసికొనిరి.

వ్రతము నిలిచినది, సంతోషమే. కాని పద్దెనిమిది సంవత్సరముల బాలుడు అన్ని దినములు మిఠాయిలతో గడపవలసివచ్చుటకు కారణము ఆహారము లేకపోవుట కాదు, ప్రశ్న లేకపోవుట. నేడు మనకు ఆ సిగ్గు పడవలసిన పనిలేదు. ముంబయి నుండి బయలుదేరు ఓడలో హిందీ, మరాఠీ తెలిసినవారుందురు. "జైన భోజనము" అను మాట వంటవారికి తెలియును. అయినను మనము అడుగము. డబ్బు కట్టితిమి, వారే చూచుకొందురని ఊరకుందుము. నేనును అట్లే ఊరకుంటిని.

3. నేను చేసిన తప్పు

కొన్ని సంవత్సరముల క్రిందట డిసెంబరు చివరి వారమున మా కుటుంబము రెండు రాత్రుల ఓడ విహారమునకు పోయినది. మా అమ్మగారికి డెబ్బది యెనిమిది సంవత్సరములు. రాత్రి భోజనమును ఆమె విడిచి నలువది సంవత్సరములైనది. సూర్యాస్తమయమునకు రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు, ముందే నీటితో సహా ముగించును. మరునాడు సూర్యోదయమైన రెండు ఘడియల పిదపనే మరల నోరు తెరచును. నేను ఆ నియమమును చాతుర్మాస్యమున మాత్రమే పాటించువాడను.

టికెట్లు కొనునప్పుడు పెద్ద భోజనశాలలో మొదటి పంక్తియా, రెండవ పంక్తియా అని అడిగిరి. రెండవ పంక్తిలో తొందర యుండదని విని నేను దానినే వ్రాయించితిని. జైన భోజనమని కూడ వ్రాయించితిని. వేళను గురించి ఒక్క మాటయైనను అడుగలేదు. ఓడ యెక్కుటకు బారు తీరి నిలుచుట, సామానులు గదికి చేరుట, అటుపిమ్మట లైఫ్ జాకెట్ల డ్రిల్లు. ఇవన్నియు ముగిసి మేము పై అంతస్తునకు వచ్చునప్పటికి సూర్యబింబము నీటిని తాకుచుండెను. పిల్లలు ఫోటోలు తీసుకొనుచుండిరి. అమ్మగారు మాత్రము కుర్చీలో కూర్చొని చేతులు జోడించుకొనెను. ఆమె ఉదయము పది గంటలకు ముంబయిలో తిన్నదే ఆ దినమునకు ఆఖరు.

"అమ్మా, కొంచెము పాలయినను..." అని నసిగితిని.

"నాకేమి కష్టము లేదు నాయనా, ఉపవాసము నాకు కొత్త కాదు. నీవు నన్ను పిలిచి తీసుకొని వచ్చితివి. వ్రతము నాది, లెక్క నీది. లెక్క చూడలేదు" అనెను. కోపముగా అనలేదు. అందువలన నాకు మరింత బాధ కలిగెను. ముప్పది సంవత్సరములుగా నూలు బేళ్ల లెక్క గ్రాము తప్పక చూచువాడను, తల్లి భోజనపు వేళ చూడకపోతిని. ఆ రాత్రి రెండవ పంక్తిలో నా ముందు జైన భోజనమే పెట్టిరి. ముద్ద దిగలేదు.

మరునాడు ఉదయముననే పోయి భోజనశాల పెద్దను కలిసి సంగతి చెప్పితిని. ఆయన మర్యాదగా విని, వంటవానిని పిలిపించెను. సాయంత్రము నాలుగు గంటలకు అమ్మగారికి వేడి అన్నము, పెసరపప్పు, బీరకాయ కూర, వేరు పెనముమీద కాల్చిన పుల్కాలు సిద్ధముగా నుండెను. "టికెట్టు కొన్ననాడే వేళ కూడ చెప్పియుంటే నిన్ననే ఇచ్చియుందుము" అని ఆయన అనెను. అందులో ఆయన తప్పేమియు లేదు.

4. గడియారము ఒక్కటే, సూర్యుడు ఒక్కచోట లేడు

ఈ అనుభవము తరువాత నేను నేర్చుకొన్న మొదటి సంగతి సూర్యుని లెక్క. మన దేశమంతటికి గడియారము ఒక్కటే. కాని భూమి ఒక్క రేఖాంశము తిరుగుటకు 4 నిమిషములు పట్టును. షోలాపురము సుమారు 75.9 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నది. ముంబయి 72.8, చెన్నై 80.3, విశాఖపట్టణము 83.3. కాబట్టి షోలాపురముతో పోల్చిన ముంబయిలో సూర్యుడు సుమారు 12 నిమిషములు ఆలస్యముగా అస్తమించును. చెన్నైలో సుమారు 17 నిమిషములు, విశాఖలో సుమారు 30 నిమిషములు ముందుగా అస్తమించును. ఋతువును బట్టి కొద్ది నిమిషములు అటునిటు కావచ్చును.

డిసెంబరు చివర ముంబయిలో అస్తమయము 6 గంటలు దాటిన కొద్ది నిమిషములకు. రెండు ఘడియలు తీసివేసిన, 5 గంటల 15 నిమిషములకు భోజనము ముగియవలెను. అదే దినములలో విశాఖ తీరమున సుమారు 4 గంటల 40 నిమిషములకే ముగియవలెను. మే నెల చివర ముంబయిలో 6 గంటల 20 నిమిషములవరకు సావకాశము దొరకును. విహార నౌకలలో పెద్ద భోజనశాల మొదటి పంక్తి సాధారణముగా 6 గంటల ప్రాంతమున కూర్చొనును. అనగా వేసవిలో మొదటి పంక్తి వేళయు ఇరుకే. చలికాలమున మొదటిదియు పనికిరాదు, రెండవది అసలే పనికిరాదు.

మొదటి దినము మరియొక చిక్కు కలదు. 2012లో ఇటలీ తీరమున కోస్తా కాంకోర్డియా అను విహార నౌక ప్రమాదమునకు గురియైన పిదప నియమములు బిగించిరి. క్రొత్తగా ఎక్కిన ప్రయాణికులకు ఓడ బయలుదేరుటకు ముందే, లేక బయలుదేరిన వెంటనే డ్రిల్లు జరుపవలెనని 2015 నుండి అంతర్జాతీయ నియమము. ప్రాణరక్షణకు సంబంధించినది గనుక దానిని ఎగవేయరాదు. సాయంత్రము బయలుదేరు ఓడలో ఈ డ్రిల్లు సరిగా మన భోజనవేళకే వచ్చును. కావున మొదటి దినము ఎక్కిన వెంటనే భోజనము ముగించుకొని, ఆపైన గది చూచుకొనుట మంచిది.

5. ఓడలో నాలుగు తావులు

మొదటిది పెద్ద భోజనశాల. ఇక్కడ వడ్డించువాడు మనయొద్దకు వచ్చును. పదార్థమును పేరుతో అడుగవచ్చును. మరునాటి భోజనమును ముందుగా చెప్పి చేయించుకొనవచ్చును. మధ్యాహ్న భోజనమునకు ఇది అన్నిటికంటె మేలు. సాయంత్రపు పంక్తి వేళ మాత్రము మనకు కుదరదు.

రెండవది బఫే. ఇది చాల గంటలు తెరచియుండును గనుక వేళకు అనుకూలము. దోషమేమనగా ఒక గరిట నాలుగు పాత్రలలో తిరుగును. ఉల్లి వేసిన కూర గరిట వేయని కూరలో పడును. జైన పాత్రలు వేరుగా ఒక బల్లమీద నున్నవా అని చూడవలెను. లేనియెడల తెరచిన వెంటనే, గరిటలు కలియకముందే పోవలెను. అంతకంటె మంచిది, లోపలనుండి వేరుగా తెప్పించుకొనుట.

మూడవది వేరుగా సొమ్ము చెల్లించు భోజనశాల. ఎక్కువ వెల గలది ఎక్కువ శుద్ధమని మన వ్యాపారులకు ఒక భ్రమ. ఇట్టి శాలలు చాలవరకు చీకటి పడిన తరువాతనే తెరచుదురు. చైనా వంటలో వెల్లుల్లి, ఇటలీ వంటలో జున్ను ఉండకమానవు. వ్రతము గలవారికి ఇందు ప్రయోజనము తక్కువ.

నాలుగవది గదికే తెప్పించుకొనుట. వృద్ధులకు, రోగులకు సుఖము. కాని పదార్థముల పట్టిక చిన్నది, వచ్చుటకు ఆలస్యమగును. కనుక గంట ముందే చెప్పవలెను. గదిలో పొయ్యిగాని, నీళ్లు కాచు విద్యుత్ పాత్రగాని పెట్టుట అగ్నిభయమువలన ఓడలలో సాధారణముగా నిషేధము. ఇంటినుండి ఖాఖ్రా, మరమరాలు తీసుకొనిపోదలచినవారు ఆ ఓడ నియమమును ముందుగా అడిగి తెలిసికొనవలెను.

గోదావరిలో పాపికొండలకు పోవు లాంచీలలో ఈ చిక్కులు తక్కువ. అక్కడ ప్రయాణము సామాన్యముగా పగటిపూటనే జరుగును. తావును ఎన్నుకొనుట లేదు, ఒక్కటే వంట. కాని ఉల్లి లేని పప్పు, బంగాళదుంప లేని కూర కావలెనన్న అదియు ముందునాడే చెప్పవలసినదే.

6. వంటవానిని అడుగవలసిన ఐదు ప్రశ్నలు

భోగోపభోగ పరిమాణ వ్రతమునకు తత్త్వార్థసూత్రము చెప్పిన ఐదు అతిచారములు ఆహారమును గురించినవే. వానినే ఐదు ప్రశ్నలుగా మార్చుకొనిన ఓడలో చక్కగా ఉపయోగపడును.

సచిత్తము: జీవము గల పదార్థమున్నదా? పచ్చి మొలకలు, దుంపలు, పుట్టగొడుగులు, కోయని పండ్లు ఇందులో చూచుకొనవలెను.

సచిత్త సంబంధము: అట్టి దానికి తగిలి యున్నదా? అలంకారమునకై పచ్చి ఉల్లి చక్రములమీద పేర్చిన వడలు దీనికి ఉదాహరణము.

సచిత్త సమ్మిశ్రము: దానితో కలిసియున్నదా? ఇక్కడ గరిట, పెనము, వేపుడు నూనెలను గురించి అడుగవలెను. వాని ద్వారా కలిసి వచ్చు అభక్ష్యమును కూడ ఇక్కడనే విచారింపవలెను. బంగాళదుంప వేచిన నూనెలో మన పకోడి వేయుటయు, మాంసము కాల్చిన పెనముమీద మన రొట్టె కాల్చుటయు జరుగవచ్చును. సూపులో మాంసపు రసము, జెల్లీలో జెలటిన్, కేకులోను నూడుల్సులోను గ్రుడ్డు, కొన్ని జున్నులలో దూడ కడుపునుండి తీయు రెన్నెట్ కంటికి కనబడకుండ చేరును.

అభిషవము: పులిసినది, మత్తును ఉద్రేకమును కలిగించునది ఉన్నదా? కొన్ని విదేశీ వంటలలోను మిఠాయిలలోను సారాయి పోయుట వాడుక. ఇది తప్పక అడుగవలెను.

దుఃపక్వము: సరిగా ఉడకనిది, లేక మాడినది కాదుగదా? బఫేలో గంటలకొలది ఆవిరిమీద నున్న అన్నముకంటె అప్పుడు వండిన కిచిడి మేలు.

ఈ ఐదు అడుగుటకు రెండు నిమిషములు చాలును. నవ్వుతూ అడిగిన వంటవాడు విసుగుకొనడు. మనము బేరమాడుటలో చూపు ఓపికలో నాలుగవ వంతు ఇక్కడ చూపిన చాలు.

7. "డబ్బు కట్టితిమి గదా!"

ఇక మన వ్యాపారుల అసలు రోగము చెప్పుచున్నాను. టికెట్టులోనే భోజనపు సొమ్ము కలిసియున్నది. ఎంత తిన్నను అంతే, తినకున్నను అంతే. తినకపోయిన నష్టమని మన మనస్సు లెక్క వేయును. మా చిన్నవాడు మొదటి దినము ఐదుమార్లు బఫేకు పోయి, "నాన్నా, టికెట్టు డబ్బు రాబట్టుచున్నాను" అని నవ్వెను. నేనును నవ్వితిని. తరువాత ఆలోచించితిని. సరుకు కొని గోదాములో పెట్టుకొన్నట్లు కడుపులో పెట్టుకొనుటకు వీలున్నదా? కట్టిన సొమ్ము కట్టిననాడే ఖర్చు ఖాతాలో పడినది. అజీర్ణము తెచ్చుకొని దానిని జమ ఖాతాలోనికి మార్చలేము. పైగా పళ్లెములో విడిచిన ప్రతి ముద్ద అనర్థదండమే, ప్రయోజనము లేని హింస.

దీనికి మందు సమంతభద్రాచార్యులవారు రత్నకరండక శ్రావకాచారమున చూపిరి. జీవితాంతము పట్టునది యమము, కొంతకాలమునకు పట్టునది నియమము. భోజనము, వాహనము, శయనము, స్నానము మొదలగు వానికి ఒక దినమునకో, ఒక రాత్రికో, ఒక పక్షమునకో హద్దు పెట్టుకొనవచ్చునని వారు చెప్పిరి. రెండు రాత్రుల ఓడ విహారమునకు ఇంతకంటె సరిపోవు సాధనము లేదు. జన్మమంతయు రాత్రి భోజనము మానలేనివాడు రెండు రాత్రులు మానగలడు. దినమునకు రెండే భోజనములు, ఒకే తావు, ఇన్నే పదార్థములు అని ఓడ యెక్కకముందే ఒక చీటీమీద వ్రాసి జేబులో పెట్టుకొనిన, స్మృత్యంతరాధానమునకు అవకాశముండదు.

8. సారాంశము

టికెట్టు కొనునాడే జైన భోజనమని మాత్రమే గాక, ఎన్ని గంటలకు కావలెనో కూడ వ్రాయించవలెను. మీరెక్కు రేవులో ఆ తేదీన సూర్యుడెప్పుడు అస్తమించునో చూచి, 48 నిమిషములు తీసివేసి, ఇంటివారందరికి చెప్పవలెను. ఎక్కిన వెంటనే భోజనశాల పెద్దను కలిసికొనవలెను. పగలు పెద్ద భోజనశాల, సాయంత్రము లోపలనుండి తెప్పించిన బఫే భోజనము, ఈ రెండింటితో తృప్తి పడవలెను. కుటుంబములో వ్రతము గలవారెవరో వారి వేళయే అందరి వేళ కావలెను.

ఈ చివరి మాట మా ఇంట అమలులోనికి వచ్చినది. ఆ రెండవ సాయంత్రము నాలుగు గంటలకు మేమందరము అమ్మగారితోనే కూర్చొంటిమి. చిన్నవాడు కూడ వచ్చెను. భోజనము ముగిసి, నీరు త్రాగి, పై అంతస్తునకు పోయి సూర్యాస్తమయము చూచితిమి. మొదటినాడు ఆ సూర్యుని చూడలేక తల వంచుకొంటిని. రెండవనాడు ఆమె ప్రక్కన నిలిచి ణమోకార మంత్రము చెప్పుకొంటిని. ఆ రాత్రి నాకు ఆకలి వేయలేదు.

నావలె లెక్క తప్పకుండుటకు ఈ నాలుగు మాటలు ఏ ఒక్క కుటుంబమునకైనను ఉపకరించిన ధన్యుడను. ఇందు దోషములున్న పెద్దలు క్షమింతురుగాక.